పిడుగుల రాబోయే సీజన్

బేస్‌బాల్ అనే ఆటను పళ్ల మేస్త్రీ తన యాభై నాలుగేళ్ల జీవితంలో ఒక్కసారి కూడా కళ్లారా చూడలేదు. ఆ బంతిని చేత్తో పట్టుకోలేదు, ఆ బ్యాటు బరువెంతో తెలియదు, ఆయన ఉన్న ఊళ్లో ఆ ఆట ఆడే మైదానమూ లేదు. అయినా ఆయనకొక బేస్‌బాల్ టీమ్ ఉంది. దాని పేరు పిడుగులు. అందులో ఇరవై ఐదుగురు ఆటగాళ్లున్నారు గానీ, ఒక్కడు కూడా తల్లి కడుపున పుట్టినవాడు కాడు. అందరూ కంప్యూటర్ కన్న బిడ్డలే. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అని పెద్దలు వెక్కిరింపుకి అన్నారు. పళ్ల మేస్త్రీ దాన్ని శ్రద్ధగా ఆచరణలో పెట్టాడు.

ఈ వింతకు లీగు అని పేరు. పదహారు మంది యజమానులు, పదహారు టీములు. ఏడాదికొక సీజన్, సీజన్‌లో ఒక్కో టీమ్‌కు నూట అరవై రెండు మ్యాచ్‌లు. వాటిని ఎవరూ ఆడరు. లీగు ప్రెసిడెంటు ఒక రిటైరైన పోస్టుమాస్టరు. ఆయన రోజూ మధ్యాహ్నం భోంచేసి చెయ్యి కడుక్కొచ్చి కంప్యూటర్‌లో ఒక మీట నొక్కుతాడు. ప్రోగ్రాం కాసేపు గింజుకుని ఎవరు కొట్టారో, ఎవరు పట్టారో, ఎవరు పట్టబోయి జారవిడిచారో పేజీల కొద్దీ కక్కుతుంది. సాయంత్రానికి యజమానులు ఆ పేజీలు తెరుస్తారు. గెలిచినవాళ్లు తమ తెలివిని మెచ్చుకుంటారు, ఓడినవాళ్లు ప్రోగ్రామ్‌ను తిట్టుకుంటారు. యజమాని చేయాల్సిందల్లా సీజన్ మొదలయ్యే ముందు ఒక ఫారం నింపి, ఎవరు ఎక్కడ నిలబడాలో, ఎవరి తర్వాత ఎవరు బ్యాటు పట్టాలో చెప్పడం. ఆ పైన దేవుడున్నాడు. అయితే ఆ దేవుడు పిడుగుల వైపు చూసి ఐదేళ్లయింది.

ఐదు సీజన్లుగా పిడుగులు పదహారో స్థానంలో ఉన్నారు. పదిహేడో టీమ్ లేదు కాబట్టి పదహారుతో సరిపెట్టుకున్నారు. ఒక సీజన్‌లో వరసగా ఇరవై రెండు మ్యాచ్‌లు ఓడి, ఇరవై మూడోది గెలిస్తే, ప్రోగ్రామ్‌లో ఏదో తేడా వచ్చిందని మిగతా యజమానులు ప్రెసిడెంటుకు ఫిర్యాదు చేశారు.

ఇంతవరకూ నవ్వుకుంటే పోయేది. కానీ లీగు నిబంధనల్లో పద్నాలుగోది ఒకటుంది. వరసగా ఆరు సీజన్లు అట్టడుగున నిలిచిన యజమాని టీమ్ అప్పగించి తప్పుకోవాలి. ఆ టీమ్ వరసలో నిలబడ్డ ఇంకొకరికి పోతుంది. ఇప్పుడు రాబోయేది ఆరో సీజన్. ఉన్న పిడుగుల్ని, వాళ్ల జాతకాల్ని చూసినవాళ్లెవరికైనా ఆ టీమ్ చేతులు మారబోతోందని తెలిసిపోతుంది. పళ్ల మేస్త్రీకీ తెలుసు. పోతే పోనీ వెధవ టీమ్ అని ఆయన ఎప్పుడో అనేసేవాడే. కానీ టీమ్‌తో పాటు తమ్ముడు కూడా పోతాడు.

అదెలాగో చెప్పాలంటే ముందు ఆయన పని గురించి చెప్పాలి. ఆయన కట్టుడు పళ్లు చేస్తాడు. ఒక పళ్ల ఆసుపత్రి వెనక గది ఆయన రాజ్యం. ముందు గదిలో డాక్టరమ్మ మనుషుల నోళ్లు తెరిపించి అచ్చులు తీసి పంపుతుంది. వెనక గదిలో ఈయన ఆ అచ్చుల్లో ప్లాస్టర్ పోసి దవడలు తీసి, వాటి మీద మైనం పేర్చి, మైనంలో ఒక్కో పన్నూ కుదురుగా నిలబెట్టి, చివరికి గులాబీ రంగు చిగుళ్లతో సెట్టు చేసి ఇస్తాడు. బల్ల మీద ఎప్పుడూ ఏడెనిమిది దవడలు వరసగా ఇకిలిస్తూ ఉంటాయి. ముప్పై ఏళ్లుగా అంతమంది ఆయన్ని చూసి నవ్వుతున్నా ఆయన తిరిగి నవ్వింది తక్కువ. కిటికీ పక్కన ఒక పాత కంప్యూటర్ ఉంది. కీబోర్డు మీద ప్లాస్టర్ పొడి పేరుకుని అక్షరాలు ఎప్పుడో చెరిగిపోయాయి. వేళ్లకు తెలిసిన దారినే పిడుగుల రాజకీయమంతా నడుస్తుంది.

తమ్ముడు ఆయన కంటే ఆరేళ్లు చిన్న. సిటీ బస్సులకు టైమ్‌టేబుల్ వేసే ఆఫీసులో పని. లీగులో చేరుదామని అన్నను లాక్కొచ్చింది వాడే. వాడి టీమ్ పేరు చీమలు. పేరులో ఏముంది, చీమలు మూడుసార్లు ఛాంపియన్లు. మొదట్లో ఆదివారం ఆదివారం ఫోన్‌లో గంటసేపు అన్నదమ్ములిద్దరూ కూర్చుని, ఎవడిని ఎక్కడ పెట్టాలి, ఎవడిని పీకెయ్యాలి అని ఒకరి ఫారం ఒకరికి చదివి వినిపించుకునేవాళ్లు. ఆ రోజుల్లో పిడుగులు కూడా ఆరులోనో ఏడులోనో పరువుగా బతికారు.

తర్వాత తండ్రి పోయాడు. తండ్రికి పళ్లు చేసింది పళ్ల మేస్త్రీయే. కొడుకే పళ్లు చేస్తుంటే తండ్రి బయట చేయించుకోవడమేమిటి? ఆఖరి మూడు నెలలూ ఆయన చిన్నకొడుకు ఇంట్లో ఉన్నాడు. అక్కడ తిండి తగ్గించాడు, తర్వాత మానేశాడు, తర్వాత పోయాడు. డాక్టర్లు గుండె అన్నారు. మర్నాడు ఇల్లంతా చుట్టాలున్నప్పుడు ఎవరో గుండె మాట ఎత్తితే, తమ్ముడు గోడకు ఆనుకుని కూర్చున్నవాడు కూర్చున్నట్టే, “గుండె కాదు. అన్నయ్య చేసిన పళ్లతో నమల్లేక పోయాడు,” అన్నాడు. పిన్నులూ బాబాయిలూ అందరూ ఒకేసారి పళ్ల మేస్త్రీ వైపు తిరిగారు. ఆయన లేచి, చెప్పులు వేసుకుని, భార్యను రమ్మని సైగ చేసి వెళ్లిపోయాడు. అన్నదమ్ముల మధ్య మాట ఆ రోజుతో ఆగిపోయింది.

లీగు మాత్రం ఆగలేదు. ఇద్దరిలో ఎవరు ముందు తప్పుకుంటే వాళ్లు ఓడినట్టు. అందుకని ఇద్దరూ ఉన్నారు. లీగులో ఆటగాళ్లను మార్చుకోవచ్చు. మార్పిడి అడిగే ఫారం చివర ‘కారణం’ అని ఒక చిన్న పెట్టె ఉంటుంది, అందులో రెండు ముక్కలు పడతాయి. ఏడాదికోసారి ఆ పెట్టెలోంచి తమ్ముడి గొంతు వినిపించేది. ‘మీ ఆటగాడు ఉక్కుచెయ్యిని ఇప్పించగలరు. బదులుగా మా మైదానంలో గడ్డి కోసే మిషన్ ఇస్తాం.’ దానికి అన్న వారం రోజులు ఆలోచించి, ‘తిరస్కరించడమైనది. మీ ఆటగాళ్ల కంటే ఆ మిషనే చురుకని విన్నాం, దాన్నే ఆడించుకోగలరు,’ అని రాసేవాడు. ఒకే కంచంలో తిని పెరిగినవాళ్లు ఐదేళ్లుగా ఒకరినొకరు మీరు అని మన్నించుకుంటున్నారు. అంతకు మించిన తిట్టు ఇద్దరికీ దొరకలేదు. కానీ ఒక ఏడు ఆ ఫారం రావడం నెల ఆలస్యమైతే, వాడికి ఒంట్లో ఎలా ఉందోనన్న పరధ్యానంలో పళ్ల మేస్త్రీ ఒకరి సెట్టుకు ఇంకొకరి రంగు పళ్లు పేర్చేశాడు. టీమ్ పోతే ఆ పెట్టె పోతుంది. ఈ వయసులో ఇంకో పెట్టె దొరకదు.

ఆయన భార్య డ్రైవింగ్ స్కూల్లో కారు నేర్పుతుంది. ఆ కార్లలో నేర్పేవాళ్ల కాళ్ల దగ్గర కూడా ఒక బ్రేకు ఉంటుంది. ఇరవై ఏళ్లుగా ఆ బ్రేకు మీద కాలేసి కూర్చున్న మనిషి కాబట్టి, ఎదుటివాళ్లు ఎక్కడ గుద్దబోతున్నారో ఆవిడకు ముందే తెలిసిపోతుంది. ఫోన్ చేస్తే పోయేదానికి ఇన్ని తిప్పలెందుకని ఆవిడ ఐదేళ్లలో యాభైసార్లు అడిగింది. వాడే చేయాలి, మాట తూలింది వాడు కదా అని ఆయన అన్నాడు. అక్కడ వాడి భార్య కూడా వాణ్ణి ఇదే అడుగుతోందనీ, వాడూ ఇలాగే పెద్దవాడు అన్నయ్య కదా అంటున్నాడనీ తోడికోడళ్లిద్దరికీ తెలుసు. వాళ్లు మొదటినుంచీ మాట్లాడుకుంటూనే ఉన్నారు. వాళ్లకు బేస్‌బాల్ అవసరం పడలేదు.

లీగులో ఇంకొక ఆచారం ఉంది. సీజన్ మొదలయ్యే ముందు ప్రతి టీమ్ భవిష్యత్తు గురించీ ఒక వ్యాసం రావాలి. మొదటి ఏడాది ఎవరి టీమ్ గురించి వాళ్లే రాసుకున్నారు. పదహారు వ్యాసాల్లోనూ పదహారు టీములూ మొదటి స్థానంలోకే వచ్చాయి. అది చదివి ప్రెసిడెంటు చీటీల పద్ధతి పెట్టాడు. ఎవరి చీటీలో ఏ టీమ్ వస్తే వాళ్లు దాని గురించి రాయాలి, తన టీమ్ తనకు రాకూడదు. అప్పట్నుంచి ఏ టీమూ బాగుపడుతుందని ఎవరూ రాయలేదు. ఎవరి కడుపులో ఉన్న విషం వాళ్లు ఏడాదికోసారి అక్కడ కక్కుకుని ఆరోగ్యంగా ఉంటున్నారు.

అన్నదమ్ముల తగువు సంగతి తెలిసినవాడు కాబట్టి ప్రెసిడెంటు ఇన్నాళ్లూ ఒకరి చీటీ ఒకరికి వస్తే పక్కన పెట్టి మళ్లీ తీసేవాడు. ఈసారి తీయలేదు. జాబితాలో పిడుగుల ఎదురుగా చీమల యజమాని అని ఉంది. పళ్ల మేస్త్రీకి వచ్చిన చీటీలో పడవలు అనే టీమ్ ఉంది, దాని ముఖం ఎవరికి కావాలి? పొరపాటేమైనా జరిగిందా అని ఆయన ప్రెసిడెంటుకు మర్యాదగా రాశాడు. చీటీలు ఒక్కసారే తీస్తామని, తనకు మణికట్టు నొప్పిగా ఉందని జవాబు వచ్చింది. నలభై ఏళ్లు పోస్టాఫీసులో పనిచేసిన మనిషికి ఏది ఎవరి చేతికి అందాలో తెలియదనుకోలేం.

వ్యాసాలకు గడువు పదిహేను రోజులు. అవి వచ్చిన మూడు రోజులకు ఫారాలు మూసేస్తారు. ఆ పదిహేను రోజులూ పళ్ల మేస్త్రీ ఇంట్లో తిరిగిన తిరుగుడు చూసి, పరీక్ష ఫలితాలు రావాల్సినవాళ్లు కూడా ఇంత చెయ్యరని భార్య అంది. వాడు ఏం రాస్తాడు? పిడుగుల్ని ఏకిపారేస్తాడు, సరే, నిండా మునిగినవాడికి చలేమిటి. కానీ టీమ్‌ను తిడుతూ తిడుతూ పళ్ల మాట ఎత్తితే? చుట్టాల ముందు అన్నది చాలక పదిహేను మంది యజమానుల ముందు కూడా అంటే? అప్పుడు ఆరో సీజన్ దాకా ఆగక్కర్లేదు, ఆ రోజే తప్పుకుంటానని ఆయన నిర్ణయించుకున్నాడు. నిర్ణయించుకున్నాక నిద్ర పట్టలేదు. తప్పుకోవడం ఆయనకు ఇష్టం లేదు.

పదహారో రోజు పొద్దున వ్యాసాలు వచ్చాయి. అప్పటికి ఆయన ఒక పై దవడ మీద మైనం వేడిగా పేర్చి ఉన్నాడు. దాన్ని అలాగే వదిలేసి కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. మైనం గట్టిపడిపోతుందని గుర్తుంది, అయినా లేవలేదు.

తమ్ముడు రాసింది ఇలా మొదలైంది. ‘పిడుగు పడితే చెట్టు కాలుతుంది, గోడ కూలుతుంది. ఈ పిడుగులు పడితే పిడుగులకే దెబ్బలు తగులుతాయి. బంతి వేసే వీరి ప్రధాన పిచర్‌కు నలభై ఒకటో ఏడు వచ్చింది. చింత చచ్చినా పులుపు చావలేదంటారు. ఈయన విషయంలో రెండూ జరిగి మూడేళ్లయింది. అయినా యజమాని ఆయన్ని తీసెయ్యడు. తాతగారిని ఇంట్లోంచి పంపించెయ్యడం పాపమనుకుంటాడేమో.’

పళ్ల మేస్త్రీ చెవులు ఎర్రబడ్డాయి. పిచర్‌ను ఆయన నిజంగానే తాత అని పిలుస్తాడు. ఇంకా చదివాడు. నాలుగు పేరాల నిండా ఇదే వరస. బంతి పట్టే క్యాచర్‌కు బంతి తప్ప అన్నీ కనిపిస్తాయన్నాడు. రెండో బేస్ అనే పరుగుల మజిలీలో నిలబడేవాడు నిజంగా నిలబడే ఉంటాడు, కదలడన్నాడు. చెప్పొద్దూ, చాలా మటుకు నిజమే. బాగా రాశాడు కూడా. ఒకచోట ఆయనకే నవ్వొచ్చింది, నవ్వినందుకు తన మీద తనకే కోపమొచ్చింది.

ఐదో పేరాలో పళ్లు వచ్చాయి.

‘ఈ టీమ్‌కు మనుషుల లోటు లేదు. అసలు లోపం వేరే ఉంది. మైదానం కుడి కొసన, కుడి ఫీల్డ్‌లో, ఆడాల్సినవాడు ఉక్కుచెయ్యి. అక్కడినుంచి మూడో బేస్‌కు చాలా దూరం, అంత దూరం బంతి విసరాలంటే అలాంటి చెయ్యే కావాలి. ఎడమ ఫీల్డ్‌కు పీచుచెయ్యి చాలు. పిడుగుల్లో ఐదు సీజన్లుగా ఉక్కుచెయ్యి ఎడమన, పీచుచెయ్యి కుడిన నిలబడుతున్నారు. తనది కాని చోట నిలబెట్టిన ఆటగాడి సత్తాను ఈ ప్రోగ్రాం మూడో వంతు కోసేస్తుంది. అవతలి టీములవాళ్లు ఒకటో బేస్ నుంచి మూడో బేస్‌కు పరుగెత్తడం మానేసి నడిచి వెళ్తున్నారు. ఒక్క పరుగు తేడాతో పిడుగులు ఓడిన మ్యాచ్‌లు ఈ ఐదు సీజన్లలో నూట తొంభై మూడు.’

‘ఇది తెలివితక్కువతనం అని నేను అనను. ఈ యజమాని పళ్లు చేస్తాడు. ఆ పనిలో కుడి అంటే ఎదుట నోరు తెరుచుకు కూర్చున్నవాడి కుడి, మన ఎడమ. ఐదేళ్ల కిందట మన ఫారంలో పేర్లు రాయడం తీసేసి మైదానం బొమ్మ పెట్టారు, ఆటగాణ్ణి పట్టుకుని బొమ్మలో చోటుకు లాగాలి. బొమ్మ బ్యాటు పట్టినవాడి వైపు నుంచి గీసింది, బేస్‌లకు తప్ప దేనికీ పేర్లు లేవు. ఈయన ఎదురుగా నిలబడ్డ ఆటగాడి వైపు నుంచి చూశాడు. ముప్పై ఏళ్లు ఎదుటివాడి కుడిఎడమలు చూసి పనిచేసిన మనిషి అలాగే చూస్తాడు. లీగులో ఇంకెవరూ ఈ తప్పు చెయ్యలేరు, ఇంకెవరూ దీన్ని కనిపెట్టలేరు. ఇద్దర్నీ అటు ఇటు మారిస్తే పిడుగులు పదకొండో స్థానంలో ఉంటారు. మార్చకపోతే వారికి నా సానుభూతి.’

వ్యాసం అక్కడితో అయిపోయింది. తండ్రి మాట లేదు.

పళ్ల మేస్త్రీ ఫారం తెరిచి చూశాడు. మైదానం బొమ్మలో ఉక్కుచెయ్యి పేరు పక్కనా, పీచుచెయ్యి పేరు పక్కనా రెండు ఎర్ర చుక్కలున్నాయి. తప్పు చోట పెట్టావురా బాబూ అని ప్రోగ్రాం ఐదేళ్లుగా నెత్తీ నోరూ కొట్టుకుంటున్న గుర్తులవి. ఆయన మాత్రం వాటిని మేటి ఆటగాళ్లకిచ్చే బిరుదులనుకున్నాడు. తన టీమ్‌లో ఇద్దరికి ఎర్ర చుక్కలున్నాయని భార్యతో ఒకసారి గొప్పగా చెప్పుకున్నాడు కూడా. పోనీ మ్యాచ్ వివరాలు చదివితే తెలిసేది, ఎడమ ఫీల్డ్‌లో ఎవడు బంతి పట్టాడో అక్షరాలా రాసే ఉంటుంది. ఓడిన మ్యాచ్ వివరాలు చదవడానికి ఆయనకు మనసొప్పేది కాదు. చివరి వరసలో అంకెలు చూసి మూసేసేవాడు.

కుర్రతనంలో పని నేర్పిన గురువు మైనం కత్తితో వేళ్ల మీద కొట్టి మరీ నేర్పాడు, కుడి అంటే నీ కుడి కాదురా, నోరు తెరిచినవాడి కుడి అని. ఆ దెబ్బలు వృథా పోలేదు. పళ్ల సెట్లలో ముప్పై ఏళ్లు కుడిఎడమల పొరపాటు ఒక్కటీ రాలేదు, ఆ ఖాతా అంతా పిడుగుల నెత్తిన పడింది. ఉరుము ఉరిమి మంగలం మీద పడిందంటే ఇదే.

ఆ రోజు సాయంత్రం ఇంట్లో ఫోన్‌లో వ్యాసం తెరిచి భార్యకు చదివి వినిపించాడు. ఎర్ర చుక్కల సంగతి దగ్గర ఆవిడ కుర్చీలోంచి లేచి వంటగదిలోకి వెళ్లి నవ్వుకుని వచ్చింది. కుడి సిగ్నల్ వేసి ఎడమకు తిప్పేవాళ్లను రోజూ చూస్తుంటాను గానీ, ఐదేళ్ల పాటు తిప్పినవాణ్ణి ఇంట్లోనే పెట్టుకున్నానని తెలియలేదంది. ఆయన ఉడికిపోయాడు. వాడు తనను అందరి ముందూ వెధవను చేశాడనీ, ఇదంతా రాయడానికి పనిగట్టుకుని పదిహేను రోజులు కూర్చుని ఐదేళ్ల మ్యాచ్‌లూ తవ్వి పోశాడనీ, పగ అంటే అలా ఉండాలనీ అన్నాడు.

ఆవిడ నవ్వు ఆపింది. ఐదేళ్లకు మొత్తం ఎన్ని మ్యాచ్‌లని అడిగింది. ఎనిమిది వందల పది అన్నాడు ఆయన.

“పదిహేను రోజుల్లో ఎనిమిది వందల పది ఎవరు చదువుతారండీ? ఆఫీసు చేసుకుంటూ? మీ మరదలు ఎప్పుడో చెప్పింది. సాయంత్రం ఇంటికి రాగానే ముందు మీ టీమ్ పేజీ తెరుస్తాడట. తన టీమ్ తర్వాత.”

  పళ్ల మేస్త్రీ తన టీమ్ ఓడిన మ్యాచ్‌లు తనే చదవలేకపోయాడు. వాడు చదివాడు, రోజూ, ఐదేళ్లు, ఒక్కటీ వదలకుండా. కాసేపు కిటికీ దగ్గరకెళ్లి నిలబడి వచ్చాడు. ఏడుస్తున్నారా అని ఆవిడ అడగలేదు, కుర్చీ మాత్రం దగ్గరకు జరిపింది.

తర్వాత ఫోన్‌లోనే ఫారం తెరిచి, ఉక్కుచెయ్యిని పట్టుకుని కుడి ఫీల్డ్‌కు లాగాడు. పీచుచెయ్యిని ఎడమకు లాగాడు. రెండు చుక్కలూ పోయాయి. పది క్షణాల పని. పిడుగులు మళ్లీ మనుషుల్లో పడ్డట్టే, పదహారో స్థానం గండం గడిచినట్టే. ఆ మాట అంటే భార్య, “గండం గడిచింది టీమ్‌కు,” అంది. ఆవిడ అన్నదేమిటో ఆయనకు వివరించనక్కర్లేకపోయింది.

వ్యాసం మీద యజమానికి రెండు వాక్యాల జవాబు రాసే హక్కుంది. మర్నాడు పొద్దున్నుంచీ ఆయన పని చేస్తూనే ఆ రెండు వాక్యాలతో కుస్తీ పట్టాడు. ‘చీమల యజమానిగారి సూచనలు పరిశీలించడమైనది’ అని రాసి కొట్టేశాడు. ‘పదకొండా? కనీసం తొమ్మిది’ అని రాసి కొట్టేశాడు. ‘కృతజ్ఞతలు’ అని రాసి, అది మరీ చావు వార్తకు రాసినట్టుందని కొట్టేశాడు. పన్నెండు దాటాక పాలిష్ పెట్టే చక్రం ఆపేసి, ఫోన్ తీసుకున్నాడు. నంబరు వెతకక్కర్లేదు, వేళ్లకు తెలుసు.

ఒక్క మోతలోనే ఎత్తాడు తమ్ముడు.  వెనకాల ఆఫీసులో ఎవరో బస్సు నంబర్లు చదువుతున్నారు.

“పదకొండేమిటిరా?” అన్నాడు పళ్ల మేస్త్రీ. “తాత సరిగ్గా వేస్తే ఎనిమిదో స్థానం ఖాయం.”

“తాత మొహం. పదకొండే ఎక్కువ రాశాను.”

“ఎప్పుడు కనిపెట్టావు?”

“రెండో ఏడే.”

“మరి చెప్పలేదేం?”

“చెప్తే నేనే ముందు మాట్లాడినట్టవుతుందిగా.”

ఇది విని ఎవరైనా నవ్వాలి. ఇద్దరూ నవ్వలేదు. ఆ పంతానికి ఒక టీమ్ నాలుగేళ్లు అడుక్కుపోయింది, అన్నదమ్ములు ఐదేళ్లు. తమ్ముడు కుర్చీ జరుపుకున్న చప్పుడు, తలుపు వేసుకున్న చప్పుడు వినిపించాయి. ఆఫీసు గోల తగ్గింది.

“అన్నయ్యా, ఆ రోజు అన్నది... నాన్న పళ్లు బాగానే ఉండేవి. ఏం చెయ్యాలో తెలీక, ఎవరో ఒకర్ని అనాలని అనేశాను.”

ఈ మాట కోసం పళ్ల మేస్త్రీ ఐదేళ్లు కాచుకుని కూర్చున్నాడు. అది వచ్చిన రోజున ఏమనాలో కూడా ఎన్నోసార్లు అనుకుని పెట్టుకున్నాడు. చుట్టాలందర్నీ పిలిచి వాళ్ల ముందు అనమనాలి, అప్పుడు పెద్దమనసుతో సర్లే అనాలి. అన్నీ నోటి దాకా వచ్చాయి. బల్ల మీద ఆ పొద్దున పూర్తి చేసిన సెట్టు ఉంది, ఎవరో ముక్కూమొహం తెలియని మనిషిది, చక్కగా మెరుస్తోంది.

“బాగా లేవురా,” అన్నాడు. “కింది సెట్టు వదులుగా ఉండేది. చిక్కిపోయాడుగా, చిగుళ్లు కరిగిపోయాయి. మళ్లీ అచ్చు తీసి లోపల పూత వెయ్యాలి, ఒక్క పూట పని. నాన్న రెండుసార్లు ఫోన్ చేసి చెప్పాడు. ఇక్కడ డాక్టరమ్మ దగ్గర సెట్లు పేరుకుపోయి ఉన్నాయి. రేపు వస్తా నాన్నా అన్నాను. రెండుసార్లూ రేపనే అన్నాను.”

 చెప్పేశాక, తమ్ముడు ఫోన్ పెట్టేస్తాడేమోనని ఆయన భయపడ్డాడు.

“తెలుసు,” అన్నాడు తమ్ముడు. “ఆయన ఫోన్ చేసింది నా ఫోన్ నుంచేగా. నువ్వు వస్తావని రోజూ పళ్లు కడిగించుకుని సిద్ధంగా పెట్టుకునేవాడు.”

పళ్ల మేస్త్రీ స్టూలు మీద కూర్చుండిపోయాడు. ఇన్నేళ్లూ వాడు అబద్ధం చెప్పాడని తనను తాను నమ్మించుకుని కోపం తెచ్చుకున్నాడు. వాడు చెప్పింది అప్పుడు నిజం, అబద్ధం ఇప్పుడు, తన కోసం చెప్పాడు. ఆ సంగతి ఇద్దరికీ తెలిసిపోయాక ఇంక దాచడానికి ఏమీ మిగల్లేదు. తిన్నావా అని అడిగాడు. ఇంకా లేదన్నాడు తమ్ముడు. నేనూ తినలేదు, ఉండు వస్తున్నా అన్నాడు ఆయన.

ఏప్రన్ విప్పి తలుపు వెనక తగిలించి, చేతులకంటిన ప్లాస్టర్ కడుక్కున్నాడు. బయటికి వెళ్తుంటే ముందు గదిలో డాక్టరమ్మ ఆపి, సాయంత్రం ఒక పెద్దాయన వస్తాడు, ఆయన కింది సెట్టు ఎప్పటికవుతుందని అడిగింది. రేపు చేస్తానని ఈసారి ఆమెకు చెప్పి వెళ్లిపోయాడు.